న్యాయం నిలబడాలంటే పౌరులూ నిలబడాలి

ఏటా ఈ ప్రత్యేక సంచికలో దాతలకు మేము చెప్పుకునేవి సేవా కార్యక్రమాల సంగతులే. రమజాన్ రేషన్, బడి పిల్లల ఫీజులు, వితంతువులకు నెలసరి సాయం, ఆసుపత్రి ఖర్చులు. ఈసారి న్యాయస్థానాల గురించి రాస్తున్నాం. ధర్మసంస్థకు కోర్టులతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వెళతాం.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చుట్టుపక్కల బస్తీల నుంచి సాయం కోరి వచ్చే కుటుంబాల గోడు చివరిదాకా వింటే, చాలాసార్లు ఆ గోడు ఒక కేసు దగ్గర ఆగుతుంది. సంపాదించే కొడుకు చంచల్‌గూడ జైల్లో ఉంటాడు. బెయిలు మంజూరైనా జమానత్ ఇచ్చే మనిషి దొరకడు. భర్త వదిలేసిన ఆడకూతురు భరణం కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతుంది. తాతల నాటి ఇంటి వాటా కోసం అన్నదమ్ములు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు మెట్లు ఎక్కి దిగుతూ ముసలివాళ్లవుతారు. అలాంటి ఇంటికి మనం నెలనెలా రేషన్ పంపగలం. కానీ ఆ ఇంటికి కావలసింది ఒక ఉత్తర్వు. అది సకాలంలో, నిజాయితీగా వస్తే మరుసటి నెల నుంచి ఆ ఇంటికి మన రేషనే అక్కర్లేదు. దానం చేసేవారు న్యాయం గురించి ఆలోచించడానికి ఈ ఒక్క కారణం చాలు.

న్యాయనిష్ఠ అంటే ఏమిటి?

న్యాయవ్యవస్థ నిజాయితీ అనగానే లంచం తీసుకోని జడ్జి గుర్తొస్తాడు. అది అందులో ఒక భాగమే. న్యాయమూర్తుల ప్రవర్తనపై 2002లో రూపొందిన బెంగళూరు సూత్రాలు ఆరు విలువలు చెబుతాయి. స్వతంత్రత, నిష్పాక్షికత, నీతి, ఔచిత్యం, సమానత్వం, సామర్థ్యంతో కూడిన శ్రద్ధ. పేరుకు బెంగళూరు అయినా ఇవి ప్రపంచంలో అనేక దేశాలు ఆదర్శంగా తీసుకునే సూత్రాలు. అంతకు ముందే, 1997 మేలో, మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమకు తాము ఒక నియమావళి రాసుకున్నారు. బంధువులు తమ కోర్టులో వాదించరాదు, కానుకలు స్వీకరించరాదు, వాటాలున్న కంపెనీల కేసులు వినరాదు అన్నవి అందులోని కొన్ని అంశాలు.

ఈ భావన మనకు కొత్తది కాదు. ఖాజీ పదవి ఒక అమానత్ అనీ, దానికి లెక్క అప్పజెప్పాల్సి ఉంటుందనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. హజ్రత్ అలీ ఖలీఫాగా ఉన్నప్పుడు తన కవచం మరొకరి దగ్గర కనిపిస్తే ఖాజీ షురైహ్ ముందు దావా వేశారనీ, కొడుకు సాక్ష్యం తండ్రికి చెల్లదని చెప్పి ఖాజీ ఖలీఫాకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారనీ ఒక ప్రసిద్ధ కథనం ఉంది. తీర్పు చెప్పేవాడు పాలకుడికి భయపడలేదు, పాలకుడు తీర్పును కాదనలేదు. న్యాయనిష్ఠకు ఈ రెండూ కావాలి.

మన నగరానికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ వారసత్వం ఉంది. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదుగా వెళుతుంటే మూసీ ఒడ్డున ఎర్రరాయి గుమ్మటాలతో కనిపించే హైకోర్టు భవనం 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీస్తే, ఇంజినీరు మెహర్ అలీ ఫాజిల్ కట్టించారు. భవనం కంటే పెద్ద విషయం ఆ మరుసటి ఏడాది జరిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో హైదరాబాద్ రాజ్యంలో న్యాయశాఖను పరిపాలనాశాఖ నుంచి వేరుచేశారు. అప్పటిదాకా శిస్తు వసూలు చేసే అధికారే శిక్షలూ వేసేవాడు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో జాతీయవాదులు ఈ సంస్కరణ కోసం ఇంకా అడుగుతున్న రోజుల్లోనే ఇక్కడ అది అమలులోకి వచ్చింది.

వార్తాపత్రిక ముక్కతో తెరుచుకున్న జైలు తలుపులు

న్యాయవ్యవస్థను సరిదిద్దేది న్యాయమూర్తులూ ప్రభుత్వమే కదా, మధ్యలో పౌరులు ఏం చేయగలరు అన్నది తరచుగా వినిపించే సందేహం. దీనికి 1979 నాటి హుసైనారా ఖాతూన్ కేసు మంచి జవాబు. జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు కె.ఎఫ్. రుస్తుంజీ బీహార్ జైళ్లు చూసి, విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాశారు. ఆ వ్యాసాలు చదివిన న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. తీరా చూస్తే, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీగానే గడిపినవాళ్లు బయటపడ్డారు. జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం, సత్వర విచారణ పొందడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. వేలాదిమంది విడుదలయ్యారు. కేసుకు పేరుగా నిలిచిన హుసైనారా ఒక పేద ముస్లిం స్త్రీ, జైల్లో ఉన్న ఖైదీ. ఆమె కోర్టుకు రాలేదు. ఒక పౌరుడి రాత, ఒక న్యాయవాది పట్టుదల కోర్టునే ఆమె దగ్గరకు నడిపించాయి.

మన దగ్గర అలాంటి పని చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది కె.జి. కన్నాభిరాన్. హైదరాబాద్ హైకోర్టులో న్యాయవాదిగా, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా, తర్వాత పీయూసీఎల్ జాతీయ అధ్యక్షుడిగా దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోని ఖైదీల తరఫున నిలిచారు. గణితం ఆచార్యుడిగా మొదలై పౌరహక్కుల ఉద్యమంలోకి, ఆపైన న్యాయవాద వృత్తిలోకి వచ్చిన కె. బాలగోపాల్, 1998లో మానవ హక్కుల వేదికను నిలబెట్టారు. వీరిద్దరూ మన మతానికి చెందినవారు కారు. అయినా మనవాళ్లు కష్టంలో ఉన్నప్పుడు అడగకుండానే వచ్చి నిలబడ్డారు. ఆ రుణం మరచిపోలేనిది.

వారి తరం పోరాటాల ఫలితంగానే 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. ఎన్‌కౌంటర్‌లో ఎవరు మరణించినా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాట విచారణలో రుజువు కావాలి అన్నది దాని సారం. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అయితే అదే సమస్యపై 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీచేసింది.

మక్కా మసీదు నేర్పిన పాఠం

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. ఆపైన పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో యువకులను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది ఎల్. రవిచందర్‌ను విచారణకు నియమించింది. ఆయన జైల్లో ఆ యువకులను కలిసి నివేదిక ఇచ్చారు. పౌరహక్కుల సంఘాలు నిజనిర్ధారణ చేశాయి, న్యాయవాదులు కేసులు వాదించారు. కోర్టులు సాక్ష్యాలు పరిశీలించి ఆ యువకులను నిర్దోషులుగా వదిలేశాయి. తర్వాత ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఇక అసలు పేలుడు కేసులో ఎన్ఐఏ అభియోగం మోపిన మరో బృందంలోని ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. మరి ఆ బాంబు ఎవరు పెట్టారు? చనిపోయినవారి ఇళ్లలో ఈ ప్రశ్నకు నేటికీ జవాబు లేదు.

ఈ ఉదంతాన్ని ఆవేశం రేపడానికి గుర్తుచేయడం లేదు. ఇందులో మనం గ్రహించవలసినవి రెండున్నాయి. మొదటిది, దర్యాప్తు తప్పుదారి పట్టినా న్యాయస్థానం సాక్ష్యం అడిగింది. సాక్ష్యం లేదని తేలాక వదిలేసింది. స్వతంత్ర న్యాయవ్యవస్థ విలువ ఏమిటో అప్పుడే తెలుస్తుంది. రెండవది, తప్పుడు కేసులో జీవితం పాడైనవారికి పరిహారం ఇవ్వడానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అలాంటి ఏర్పాటు కావాలని లా కమిషన్ 2018 ఆగస్టులో ఇచ్చిన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. అలాంటి సిఫార్సును చట్టసభల దాకా మోసుకెళ్లడం పౌరసమాజం చేయవలసిన పని.

మరో ఘటన కూడా తలచుకోవాలి. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, పశువైద్యురాలిపై ఘోరానికి పాల్పడ్డారన్న ఆరోపణతో అరెస్టయిన నలుగురు యువకులు షాద్‌నగర్ దగ్గర పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూల వెనుక ఉన్నది ఒకే ఒక భావన: కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది. అదే రోజు కొందరు మహిళా హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు లేఖ రాశారు. మృతదేహాలను భద్రపరచాలని కోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఇక్కడే విచారణ జరిపి, ఉద్దేశపూర్వకంగా కాల్చారని అభిప్రాయపడింది. పదిమంది పోలీసులపై విచారణ జరగాలని సూచించింది. ఊరంతా చప్పట్లు కొడుతున్నప్పుడు లేఖ రాయడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి. బాధితురాలికి న్యాయం కోరడం, నిందితుడికి విచారణ కోరడం ఒకదానికొకటి విరుద్ధం కావు. ఆలస్యం ఎంత ముదిరితే విచారణ లేని శిక్షకు అంత మద్దతు పెరుగుతుంది. రేపు ఆ శిక్ష ఎవరి బిడ్డ మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు.

న్యాయమూర్తిని అడిగేదెవరు?

కోర్టులను గౌరవించడం వేరు, ప్రశ్నించకపోవడం వేరు. న్యాయమూర్తుల జవాబుదారీ కోసం దేశంలో జరిగిన ప్రయత్నాల వెనుక పౌరులు, న్యాయవాద సంఘాలు ఉన్నాయి.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కూడా అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తారని 1991లో వీరాస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి. రామస్వామిపై అభిశంసన తీర్మానానికి లోక్‌సభలో 108 మంది సభ్యులు సంతకాలు చేశారు. న్యాయవాదులు, పౌరులు ఒక కమిటీగా ఏర్పడి ఆ విషయం మరుగున పడకుండా చూశారు. విచారణ కమిటీ ఆరోపణల్లో చాలావాటిని సమర్థించినా, 1993 మేలో అధికారపక్షం ఓటింగుకు దూరంగా ఉండటంతో తీర్మానం వీగిపోయింది. పదవి నుంచి తొలగించే దారి ఎంత ఇరుకైనదో దేశానికి అప్పుడు అర్థమైంది.

మన నగరం కూడా ఈ చేదు రుచి చూసింది. 2012లో గనుల కేసు నిందితుడు గాలి జనార్దన్‌రెడ్డికి బెయిలు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై ఇక్కడి సీబీఐ ప్రత్యేక కోర్టు న్యాయాధికారిని హైకోర్టు సస్పెండ్ చేసింది. ఏసీబీ ఆయన్ను అరెస్టు చేసింది. ఆ వార్త చదివిన పేదవాడి మనసులో ఏం మెదిలి ఉంటుంది? డబ్బున్నవాడికి బెయిలు కొనుక్కునే చోటు, నాకు వాయిదాలు ఇచ్చే చోటు అనే కదా! ఒక్క ఆరోపణ వందమంది నిజాయితీపరులైన న్యాయాధికారుల శ్రమను మసకబారుస్తుంది. అందుకే ఇలాంటి విషయాల్లో కఠినంగా ఉండటం న్యాయవ్యవస్థకు మేలు చేయడమే.

పారదర్శకత కూడా అడిగితేనే వచ్చింది. న్యాయమూర్తుల ఆస్తుల వివరాలు కోరుతూ ఒక సామాన్య పౌరుడు వేసిన సమాచార హక్కు దరఖాస్తు ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2019 నవంబర్ 13న రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో భారత ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని తేలింది. 2025 మేలో సుప్రీంకోర్టు తన న్యాయమూర్తుల ఆస్తుల వివరాలను తనంతట తానుగా ప్రజల ముందు ఉంచడం మొదలుపెట్టింది. నియామకాల విషయంలో కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ హైకోర్టులో ఎదిగిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ 2015లో మిగతా నలుగురితో విభేదించి, కొలీజియం పని తీరులో పారదర్శకత లేదని రాశారు. 2017 అక్టోబర్ నుంచి కొలీజియం తీర్మానాలు బహిరంగమయ్యాయి.

ఇక్కడ దాతలకు, యువతకు ఉపయోగపడే ఒక వివరం చెప్పాలి. తీర్పు నచ్చకపోవడం ఒకటి, న్యాయాధికారి ప్రవర్తన తప్పుగా ఉండటం మరొకటి. మొదటిదానికి దారి అప్పీలు లేదా రివిజన్. రెండవదానికి దారి హైకోర్టు. రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం కింది కోర్టులన్నీ హైకోర్టు అదుపులో ఉంటాయి. అక్కడ విజిలెన్స్ విభాగం ఉంది. పేరూ సంతకమూ లేని ఆకాశరామన్న ఉత్తరాలకు అక్కడ విలువ ఉండదు. ప్రమాణపత్రం, పరిశీలించదగ్గ ఆధారాలు జతచేసి ఫిర్యాదు ఇవ్వాలి. కోర్టు ధిక్కారం అవుతుందేమోనన్న భయంతో చాలామంది వెనుకాడతారు. 1971 నాటి ధిక్కార చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, కింది కోర్టు న్యాయాధికారి గురించి సదుద్దేశంతో హైకోర్టుకు చేసే ఫిర్యాదు ధిక్కారం కాదు. అదే ఫిర్యాదును వాట్సాప్‌లో తిప్పితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

అశోక్‌నగర్ గదుల్లో వాయిదా బరువు

ఆలస్యం గురించి తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే వరుస కట్టే పిల్లలను అడిగితే చాలు. జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో నలుగురికి ఒక గది చొప్పున సర్దుకుని చదివేవారు వీరు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో 503 పోస్టులతో వెలువడింది. ఆ అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదని హైకోర్టు సెప్టెంబర్‌లో దాన్నీ రద్దుచేసింది. 2024లో పాత నోటిఫికేషన్ పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో మెయిన్స్ ముంగిట అశోక్‌నగర్ రోడ్లు ఆందోళనలతో నిండిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి జవాబుపత్రాలు మళ్లీ దిద్దాలని తీర్పు చెబితే, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును నిలిపివేసింది.

దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. పరీక్ష పెట్టే సంస్థ తన నిబంధన తానే పాటించనప్పుడు కోర్టు ఊరుకోలేదు. అది న్యాయనిష్ఠే. కానీ ఒక్కో మలుపుకూ పేదింటి పిల్లవాడి వయసులో ఏడాది కరిగిపోయింది. వాళ్ల నాన్న ఊళ్లో మరో అప్పు చేశాడు.

కారణాలు అందరికీ తెలిసినవే. జిల్లా కోర్టుల్లో పెండింగు కేసులు నాలుగు కోట్లు దాటాయి. పది లక్షల జనాభాకు 50 మంది న్యాయమూర్తులు కావాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. నేటికీ ఆ సంఖ్యలో సగం కూడా చేరలేదు. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 2021లో 24 నుంచి 42కు పెంచారు. అయితే మంజూరైన కుర్చీ వేరు, అందులో కూర్చుని కేసు వినే మనిషి వేరు. ఖాళీలు నింపమని అడగడం, కోర్టు గదులు, సిబ్బంది కోసం బడ్జెట్ అడగడం కూడా పౌరుల పనే. రోడ్డు కోసం, నల్లా కోసం ఎమ్మెల్యేను నిలదీసే మనం కోర్టు కోసం ఎన్నడైనా అడిగామా?

జమానత్: మన సొమ్ము నేరుగా పనిచేసే చోటు

దాతలు ప్రత్యేకంగా దృష్టి పెట్టవలసిన భాగం ఇది. 2022 చివరి నాటి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. వారిలో చాలామంది పేదవారు, తక్కువ చదువుకున్నవారు.

1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి బెయిలు వచ్చింది. కానీ పదివేల రూపాయల పూచీకత్తు అడిగారు. అన్న పూచీ ఉంటానంటే వేరే జిల్లావాడని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతులను తప్పుపట్టి, పేదవాడి స్థోమతను బట్టే బెయిలు షరతు ఉండాలన్నారు. దాదాపు యాభై ఏళ్లు గడిచినా నాంపల్లి కోర్టు ఆవరణలో జమానత్ కోసం తిరిగే తల్లులు కనిపిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు చట్టంలో వారికి ఉపయోగపడే ఏర్పాట్లు కొన్ని వచ్చాయి. వీటిని ప్రతి మసీదు కమిటీ, ప్రతి బస్తీ పెద్ద తెలుసుకోవాలి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీ విడుదలకు అర్హుడు. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు ఉన్నవారికీ వర్తించదు. పాత కేసుల్లో ఉన్నవారికి కూడా ఈ వెసులుబాటు దక్కుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. గడువు పూర్తయితే కోర్టుకు దరఖాస్తు పంపే బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

బెయిలు మంజూరై ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెల రోజులైనా పూచీకత్తు దొరక్కపోతే కోర్టు షరతులు సడలించే విషయం పరిశీలించాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ఇక పేద ఖైదీల కోసం కేంద్ర పథకం 2023లో వచ్చినప్పుడు బెయిలు కోసం రూ. 40,000 వరకు, జరిమానా కట్టలేని ఖైదీకి రూ. 25,000 వరకు సాయం నిర్ణయించారు. ఉపా, మాదకద్రవ్యాలు, మనీలాండరింగ్ వంటి చట్టాల కింది కేసులకు ఇది వర్తించదు.

ఉచిత న్యాయసహాయం కూడా హక్కే. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతాడు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితానికీ ఖైదీకీ మధ్య ఒక మనిషి కావాలి. ఆధార్ జిరాక్స్ తీసి ఇచ్చేవాడు, వాయిదా తేదీ రాసిపెట్టేవాడు, తల్లికి ధైర్యం చెప్పి వెంట నడిచేవాడు. ఆ మనిషిని అందించడమే ధర్మసంస్థ చేయగలిగిన సేవ.

మనం గీసుకోవలసిన హద్దులు

న్యాయవ్యవస్థకు మేలు చేయాలనుకునేవారు తమకూ కొన్ని నియమాలు పెట్టుకోవాలి. కేసు నడుస్తుండగా జడ్జిని కలిసే ప్రయత్నం, తెలిసినవారితో సిఫార్సు చేయించడం తప్పు. అది మన మనిషి కోసమైనా తప్పే. కోర్టు సిబ్బంది చేతిలో పెట్టే వంద రూపాయల ‘మామూలు’ కూడా లంచమే. కింద వంద ఇచ్చి పైన నిజాయితీ ఆశించలేం.

మన సముదాయం కేసులకే పరిమితం కాకూడదు. జైల్లో ఉన్న పేదవాడి పేరు ఏదైనా అతని తల్లి కన్నీరు ఒకటే. కన్నాభిరాన్, బాలగోపాల్ మన కోసం నిలబడినప్పుడు పేరు చూడలేదు.

తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు ఎలా ప్రవర్తిస్తామన్నది కూడా ముఖ్యం. మణికొండ హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా భూముల కేసులో 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని తీర్పు చెప్పింది. మనసుకు కష్టం కలిగించిన తీర్పే. కానీ ఆ కేసు నడిచిందంతా పాత దస్తావేజులు, గెజిట్ నోటిఫికేషన్ల మీదే. వక్ఫ్ ఆస్తి రికార్డులు ఏ ఏటికాయేడు సరిచూసుకోవలసింది మనమే అన్న పాఠం అందులో ఉంది. వాదన కోర్టులో గెలవాలంటే కాగితం ఇంట్లో భద్రంగా ఉండాలి.

రాబోయే ఏడాదికి ఒక ఆలోచన

పై విషయాలన్నీ దృష్టిలో పెట్టుకుని దాతల ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాం.

మొదటిది, వారానికి ఒక రోజు న్యాయ సలహా బల్ల. మన పరిసరాల్లోని న్యాయవాదులు, విశ్రాంత న్యాయశాఖ ఉద్యోగులు వంతులవారీగా రెండు గంటలు కూర్చుంటే చాలు. వకాల్తా తీసుకోవడం వారి పని కాదు. ఏ దరఖాస్తు ఎక్కడ పెట్టాలో చెప్పి, న్యాయసేవాధికార సంస్థ దాకా చేర్చడమే పని.

రెండవది, పారాలీగల్ వాలంటీర్లు. మన యువతీ యువకుల్లో కొందరు న్యాయసేవాధికార సంస్థ దగ్గర శిక్షణ పొందితే, జైలుకూ కుటుంబానికీ మధ్య వారధిగా ఉండగలరు.

మూడవది, చిన్న ఖర్చుల నిధి. సర్టిఫైడ్ కాపీలు, ప్రయాణ ఛార్జీలు, జిరాక్స్, పూచీకత్తు పత్రాలు. చూడ్డానికి చిన్న మొత్తాలే, కానీ కేసులు ఆగేది వీటి దగ్గరే. జకాత్ వెచ్చించే ఎనిమిది పద్దుల్లో నిర్బంధ విముక్తి, అప్పులపాలైనవారికి సాయం ఉన్నాయి. జమానత్ ఖర్చుకు జకాత్ సొమ్ము వాడవచ్చా అన్నది ఉలమాలను సంప్రదించి తేల్చుకోవాలి. అంతవరకు ఈ నిధిని సదఖాతోనే నడపడం మంచిది. జకాత్ లెక్కలో దీన్ని కలపరాదు.

నాలుగవది, న్యాయవిద్యకు స్కాలర్‌షిప్పులు. మన పిల్లలు డాక్టరు, ఇంజినీరు కావాలని కోరుకుంటాం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయించాలని ఎంతమందిమి అనుకున్నాం? సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదివే పిల్లల్లో ఏటా ఒక్కరిద్దరినైనా ఆ దారి పట్టిస్తే, ముఖ్యంగా ఆడపిల్లలను, పదేళ్లలో తేడా కనిపిస్తుంది. మంచి న్యాయవ్యవస్థ కావాలంటే మంచి మనుషులు ఆ కుర్చీల్లోకి వెళ్లాలి.

ఐదవది, ఈ ఖర్చులన్నిటికీ బహిరంగ లెక్క. న్యాయమూర్తుల ఆస్తుల వివరాలు అడిగే సమాజం ముందు తన పద్దు తెరిచి చూపాలి. ఎందరిని కలిశాం, ఎందరికి బెయిలు వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది పేర్లు బయటపెట్టకుండా వచ్చే సంచికలో అచ్చువేయాలని మా కోరిక.

ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం పుణ్యకార్యం. అన్యాయంగా లోపల ఉన్నవాడిని చట్టబద్ధంగా ఇంటికి చేర్చి, తన అన్నం తానే సంపాదించుకునేలా చేయడం అంతకు తక్కువ పుణ్యం కాదు. ఇంతకాలం మీరు ఇచ్చిన ప్రతి రూపాయి ఒక ఇంటి పొయ్యి వెలిగించింది. ఇకపై అందులో కొంత ఒక ఇంటి తలుపు తెరిపించాలని ఆశిస్తున్నాం. న్యాయం వైపు నిలబడే శక్తిని, మన చేతుల్లోని అమానత్‌ను కాపాడుకునే బుద్ధిని ఆ కరుణామయుడు మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.